ఈ వానకాలానికైతే

నర్సంపేట రోడ్డు మీద యాకూబ్ షెడ్డు.
రోటవేటరును ఎల్లెల్కల పండవెట్టిండు,
కత్తులన్ని మొగులు దిక్కు జూస్తున్నై.
ముప్పై ఆరుకు ఇరవై తొమ్మిదే ఉన్నై.
ఉన్నవాట్ల సగం అరిగి కొడవండ్లైనై.
నాలుగైతే అసలు దానియే గావు,
లారీ కమాన్ పట్టి కోసి
నెక్కొండల ఏయించిన అతుకులు.

"మొగిలన్నా, గేర్ బాక్సుల నూనె లేదు, బురద ఉన్నది."
నాకెర్కే.
నాట్లకు కరిగెట చేస్తుంటె సీలు కారింది,
ఇంకో ఎకరం, ఇంకొక్క ఎకరం అనుకుంట
తోలింది నేనే.
గంటకు పన్నెండు వందలు వస్తుంటె
ఎవడు దిగి జూస్తడు?

మిర్చి విత్తనాల డబ్బా అట్ట మీద లెక్క రాసిండు.
బేరింగులు, సీళ్ళు, క్రౌన్ పినియన్, కత్తులు, కూలి:
ఇరవై రెండు వేల ఎనిమిది వందలు.
రాసి, పెన్ను చెవిల వెట్టుకొని
"నన్నడిగితె పాతసామాన్లకు ఏసి కొత్తది కొనుండ్రి" అన్నడు,
తన గిరాకి తనే చెడగొట్టుకుంట.

రోడ్డవతల షోరూం ముందట
కొత్తయి వరుసగ నిలవడ్డై.
ఎర్రటి పెయింటు, ఒక్కదానికీ మన్ను అంటలే.
బీడీ తెచ్చుకుంటనని చెప్పి
రెండుసార్లు పోయి చెయ్యి పెట్టి జూసొచ్చిన.
లక్షా పదిహేను వేలు.
ఫైనాన్స్ పిలగాడు కుర్సీ ఏసిండు, నీళ్ళిచ్చిండు,
"సంతకం ఎవరిది కాకా?" అన్నడు.

అక్కడ్నే ఆగింది నా కాలు.

సగం బిక్కుది గదా.
పదకొండేండ్ల కింద
వాడు ఎడ్లనమ్మిన పైసలు, నా పత్తి పైసలు
ఒక్క తువ్వాలల మూట గట్టి తెచ్చినం.
కాయితం లేదు, సంతకం లేదు.
తండల వాని చెల్క ముందా, ఊర్లె నా మడి ముందా అని
ఒక్కసారే కొట్లాడినం,
అదిగూడ కల్లు తాగినంక.
కొత్తది ఒక్కని పేరు మీద వస్తది.
రెండో వాడు కిరాయి అడగాలె.
బిక్కుకు గూడ ఇది తెలుసు.
అందుకే పొద్దటిసంది టైరు మీద కూసోని
మాట్లాడకుంట ఏరు ఒకటి నములుతున్నడు.

యాకూబ్ కొడుకు షాఫ్టుకు చుట్టుకున్న చెత్త
హాక్సా బ్లేడుతోని కోస్తున్నడు.
మీద మీద డ్రిప్పు పైపు ముక్కలు.
దాని కింద యూరియా సంచుల దారం.
ఇంకింత లోపటికి పోతె పచ్చ చీర పేలిక.
మక్క చుట్టు అడివి పందులకు కట్టిన,
పాతదనుకొని.
పాతది గాదని మా సాంబలచ్చిమి
దీపావళి దాంక నాతోని మాట్లాడలే.
అన్నిటికంటె అడుగున
నూనెల నాని నల్లగైన గుడ్డ, దానికొక అద్దం.
బిక్కు లేసొచ్చి గుంజుకున్నడు.
తొడకు తుడిచి, మొఖం జూసుకొని
"మా యాడిది" అన్నడు.
కొంచెం సేపాగి,
"అద్దం పలుగలే సూడు. కత్తులే పోయినై."

నేను యాకూబ్‌ను అడిగిన,
చేస్తె ఎన్నేండ్లు నడుస్తది?
"ఈ వానకాలానికైతే నాది పూచి.
యాసంగి సంగతి నేను చెప్ప."

నాకు నవ్వొచ్చింది.
విత్తనం డబ్బా మీద ఎవడన్న ఇంత మాట రాసిండా?
బోరు ఎప్పుడన్న చెప్పిందా?
ఎనుమాముల కాంటా చెప్పిందా?
ఒక్క కాలానికి పూచి పడ్డ మనిషిని
ఈ రోడ్డు మీద ఇయ్యాల్నే జూసిన.

చెయ్యి అని నేనన్ననో, బిక్కు అన్నడో.
పైసలు మాత్రం సగం సగం తీసినం,
నా దగ్గర మూడు వందలు తక్కువైతె
వాడే ఏసిండు.

మిరుగానికి ఇంక రెండు దినాలుంది.
చీకటైనంక లిఫ్టు లేపుకొని ఊరు జేరినం.
దార్ల నాలుగు చినుకులు పడ్డై, మళ్ళ లేవు.
లైటేసి జూస్తె
కొత్త సీలు కింద ఇంత తడి.
బిక్కు వేలు వెట్టి
వాసన జూసిండు.
ఏం చెప్పలే.