మొన్సిన్యోర్ గారి పథ్యం

క్యారెట్టు వద్దట.
కొత్తిమీరా వద్దట. నిన్న దానికోసమే
నా వేలు కొరికినంత పనిచేశాడు.
పాలకూర పెడితే
దాని మీదే ఎక్కి కూర్చున్నాడు,
అలిగిన వియ్యంకుడు పట్టెమంచం ఎక్కినట్టు.

గోజో దీవిలో, నదూర్ కొండ మీద మా ఇల్లు.
కింద వీధివైపు మా హోటలు.
నా పేరు విస్తిన్. వంటవాణ్ణి.
శుక్రవారం రాత్రి నా చేతి కుందేలు కూర కోసం
సముద్రం దాటి వస్తారు జనం.
దంచిన వెల్లుల్లి, ఎర్ర ద్రాక్షసారా, రెండు ఆకులు,
సన్నని సెగ మీద మూడు గంటలు.
దాచేందుకేముంది, మా నాన్నదీ ఇదే పని.

నిరుడు గంపలో వచ్చినవాటిలో ఒకణ్ణి
మా పెర్పెట్వా బడిసంచిలో వేసుకుని మేడెక్కింది.
ఒళ్లంతా నలుపు, మెడకింద తెల్లపట్టీ,
ఎవరు పిలిచినా తల తిప్పని పెద్దరికం.
మొన్సిన్యోర్ అని పేరు పెట్టింది.
మా చర్చి ఫాదరు పగలబడి నవ్వాడు.
మొన్సిన్యోర్ నవ్వలేదు.

అప్పట్నుంచీ
నలభైమందికి వడ్డించి, మెట్లెక్కి వచ్చి
ఒక్కడి ముందు మోకరిస్తున్నాను.
"చేతులు కడుక్కో నాన్నా,
నీ దగ్గర వాళ్ల వాసనొస్తోంది" అంటుంది పిల్ల.
వాళ్ల వాసన.
నిమ్మచెక్కతో తోమాను, కాఫీపొడితో తోమాను.
వాడు ముక్కు ఆడించి, ఆలోచించి,
వెనక్కి తిరిగి నాకు తోక చూపించాడు.

ఒకసారి హోటలు మెనూ కార్డు నేలమీద పడింది.
అది మాత్రం తిన్నాడు,
అంచు నుంచి మూడో వరుస దాకా.
మూడో వరుసలో ఏముందో నేను పిల్లకి చెప్పలేదు.
పిల్లకి చదవడం వచ్చు.

మార్చి నెలలో ఒక రాత్రి ఈశాన్యపు గాలి లేచింది.
ఫెర్రీలు ఆగిపోయాయి.
మొన్సిన్యోర్ పొద్దుట్నుంచీ ఎండుగడ్డి కూడా ముట్టలేదు.
ఈసారి అది అలక కాదు.
చెవులు చల్లగా ఉన్నాయి.
అవతలి దీవి నుంచి డాక్టర్ రుజాన్ ఫోనులో అంది:
"పేగు ఆగిపోతే ఎక్కువసేపు ఉండడు.
గుళికలు నానబెట్టి సిరంజితో పట్టు.
పొట్ట నిమురుతూ ఉండు, మెత్తగా, కిందికి.
ఎక్కడో తెలుసా?"

తెలుసు డాక్టరుగారూ.
ముప్పై ఏళ్లుగా తెలుసు.
దీపం పోయినా తెలుసు.
పక్కటెముకలు ఎక్కడ ముగుస్తాయో, సంచి ఎటు వాలుతుందో,
ఆ తర్వాత ఏది ఎన్ని మెలికలు తిరుగుతుందో
నా బొటనవేలికి కంఠతా వచ్చు.
వెచ్చగా, లోపల ఇంకా కొట్టుకుంటూ ఉండగా మాత్రం
ఎప్పుడూ తాకలేదు.

నిమిరాను.
చుక్క వాడికి, రెండు చుక్కలు నా చొక్కాకి.
పెర్పెట్వా నా మోకాలి మీద తల పెట్టి నిద్రపోయింది.
తలుపులు టపటపా కొట్టుకున్నాయి.
నాకొచ్చిన ఒక్క ప్రార్థన సగంలో మరిచిపోయి
మళ్లీ మొదట్నుంచి అందుకున్నాను,
ఎన్నిసార్లో.

తెల్లవారుజామున
నేలపలకల మీద, మిరియపు గింజంత,
ఒకటి.
కాసేపాగి మరొకటి.
ఏడు లెక్కపెట్టి అరిచాను:
"పెర్పెట్వా! లే! వెళ్లాడు! మొన్సిన్యోర్ వెళ్లాడు!"
పక్కింటి చెన్సా గోడ మీద చెప్పుతో కొట్టింది.
ముప్పై ఏళ్లలో నా వంటని మెచ్చుకున్నవాళ్లెవరూ
నన్నింత గర్వపెట్టలేదు.

గాలి తగ్గాక మెట్టచేలలోకి దిగి
సుల్లా గడ్డి కోసుకొచ్చాను, ఎర్రపూలతో సహా.
నా చేతిలోంచే తిన్నాడు,
కాడలు నమిలి, పూలు ఉంచేసి.
ఆ కరకర వింటూ మేమిద్దరం
ఊపిరి గట్టిగా పీల్చుకోలేదు.

మర్నాడు శుక్రవారం.
గంపలో పధ్నాలుగు వచ్చాయి.
వండాను. ఏం చెప్పను, అద్దె కట్టాలి.
పక్కటెముకల కింద ఒకచోట
బొటనవేలు ఆగింది, ప్రతిదాని దగ్గరా.
కూర ఆలస్యమైందని మూడో బల్లవాళ్లు సణిగారు.

చేతులు తోముకుని మెట్లెక్కాను,
తడి ఆరని సుల్లా కట్టతో.
వాసన చూశాడు.
ఆలోచించాడు.
నిన్నటిది ఇవాళ వద్దట.