సగటున పది నిమిషాలు

హల్ ఊళ్లో, హోల్డర్‌నెస్ రోడ్డు మీద
ఇంకా తెరవని బేకరీ ఎదురు స్టాపులో
తెల్లారుజామున బస్సులు లెక్కపెట్టడం
ఈ వారం నా ఉద్యోగం.
చలికి ట్యాబ్లెట్ చచ్చిపోయింది.
తడిసిన అట్ట, పెన్సిలు మిగిలాయి.

మొదటిదాన్ని ఒకటి అనను, లాభం అంటాను
ధాన్యం కొలిచేవాళ్లలా, పైకి వినబడకుండా.
5:12, లాభం.
5:15, రెండు.
5:16, మూడు.
ఆ తర్వాత హంబర్ మీంచి గాలి.

ఆఫీసులో దీనికి పాయిజాన్ అని పేరు.
గంటకు ఆరు వస్తాయి,
ఎప్పుడని మాత్రం అడక్కూడదు.
పెంకు మీద తొలి చినుకుల్లాగే
ఏదీ ఇంకోదాన్ని చూసి పడదు.

5:21కి గ్లెనిస్ వచ్చింది.
ఆస్పత్రి లాండ్రీలో ఆరింటికి డ్యూటీ.
కాసేపటికి, రోడ్డుకేసి చూస్తూ,
"ఇంతసేపు నిలబడ్డాం కదా, ఇక వచ్చేస్తుందిలే" అంది.

నోటిదాకా వచ్చింది, మింగేశాను:
మా లెక్కలో నిలబడ్డ కాలం జమ పడదని,
ఇరవై నిమిషాల కాళ్లనొప్పికీ
ఇప్పుడే దిగబడినవాడికీ
మిగిలిన బాకీ ఒక్కటేనని.

ఇంకోటీ చెప్పలేదు.
బస్సుకీ బస్సుకీ ఎడం సగటున పదే.
కానీ మనం వచ్చి పడే ఎడం
సగటున ఇరవై.
పెద్ద చేటలోనే కదా ఎక్కువ గింజలు పడేది!
ఒక్క నిమిషం సందులో ఎవరు పడతారు,
పిల్లి తప్ప.

నా వేళ్లు చూసి
కుడిచేతి గ్లవ్ తీసి ఇచ్చింది.
"రాసే చెయ్యి నీది" అంది.

5:42. రెండూ ఒకేసారి.
ముందుది కిటికీలదాకా జనం,
వెనకది ఖాళీగా, దీపాలు వేసుకుని, సిగ్గుపడుతున్నట్టు.
చినుకులు కావు ఇవి.
ఆలస్యమైన బస్సుకి ప్రతి స్టాపులోనూ
ఇంకొంచెం జనం, ఇంకొంచెం చిల్లర, ఇంకొంచెం ఆలస్యం.
మా సూత్రం మరిచిపోయేదంతా
అది సీట్ల నిండా మోసుకొస్తోంది.

గ్లెనిస్ వెనకదాంట్లో ఎక్కింది.
ఎక్కినవారు: 1, అని రాశాను.
గ్లవ్‌కి గడి లేదు.

ఇవాళ మళ్లీ అదే స్టాపు.
అట్ట ఎండింది, జేబులో ఊలు వెచ్చగా ఉంది.
ఒక్క రోజు లెక్కతో ఏ మోడలూ కట్టలేం.
5:21 దాటింది.
ఒక బస్సు వచ్చి వెళ్లింది, రాసుకున్నాను,
లాభం అన్న మాట మాత్రం
దానికి ఖర్చు చెయ్యలేదు.