పదకొండు కిలోమీటర్లు

రుస్తావి కార్ల సంతలో పొద్దుటి మంచు,
వేల అద్దాల మీద ఒకే ఆకాశం, ముక్కముక్కలుగా.
తిరిగి తిరిగి మురమాన్ రెండింటి దగ్గర ఆగాడు.
ఒకటి బూడిద రంగు, ఒకటి నీలం.
రెండూ పొట్టి ఎస్‌యూవీలే,
రెండూ సముద్రం దాటొచ్చినవే,
అక్కడెక్కడో దెబ్బతిని ఇక్కడ నునుపు తేలినవే.

జుంబెర్ బేరగాడు. మాటకు నూనె రాసి వదులుతాడు.
"గొంబోరి కనుమలో చూడాలక్కా దీన్ని,
పిల్లి గోడెక్కినట్టు ఎక్కుతుంది"
అంటూ బూడిద రంగు బానెట్ మీద అరచెయ్యి వేశాడు.
మా ఆయన కళ్ళు అప్పుడే సగం కనుమ ఎక్కేశాయి.

నేను ఎక్కలేదు.
తమ్ముడూ, నా రోజు పదకొండు కిలోమీటర్లు.
నాలుగున్నరకి పొయ్యి గోడకు అతికించిన రొట్టె
ఆరింటికల్లా తెలావి బడులకు, ఆస్పత్రికి,
ద్రాక్షతోటల్లో కత్తెర్లు పట్టుకు నిలబడ్డ వాళ్ళకు.
పద్నాలుగు చోట్ల ఆగుతాను,
వెనక తలుపు ఎత్తడం, దించడం, ఇరవై ఎనిమిది.
కొండ నెలకోసారి. తలుపు రోజూ.
ఏ కారు మంచిదో నా కుడి భుజాన్ని అడుగు.

మామగారు చేసిన చెక్క పళ్ళెం వెంట తెచ్చాను.
కత్తిలా వంగిన పొడవాటి రొట్టెలు ఇరవై పడతాయి అందులో.
బూడిద రంగు దానిలో పెడితే
రెండు వేళ్ళ చోటు మిగిలింది కూడా.
నీలం దానిలో పట్టలేదు.
ఏటవాలుగా పెడితే పట్టింది,
చుట్టాలింట్లో మొహమాటంగా పడుకున్నట్టు.
ఇక తేలిపోయింది కదా!

తేలలేదు. మా సందు ఉంది.
ఒక పక్క ఎతేరి ముసలమ్మ గోడ,
ఒక పక్క మల్బరీ చెట్టు, మధ్యలో ఆ పాడు మలుపు.
మా పాత వ్యాను నాలుగేళ్ళుగా
తన రంగంతా ఆ గోడకే పూసింది.
ఆ మలుపును తాళ్ళతో కొలిచి చుట్టి తెచ్చుకున్నాను.
సంత నేల మీద పరిచాను,
జనం నవ్వితే నవ్వారు.
బూడిద రంగుది రెండుసార్లు వెనక్కి వెళ్ళి తాడు తొక్కింది.
నీలంది ఒక్క తిప్పులో బయటపడింది.

అప్పుడే త్సిరా, నా పదమూడేళ్ళది,
బూడిద కారు సీటు సందులో వేళ్ళు పెట్టి
ఓ కాయితం లాగింది. ఇంగ్లీషు. చదివి చెప్పింది:
పాలు. బ్యాటరీలు. కుక్క మందు.
డేల్‌కి 'క్షమించు' అని ఉన్న కార్డు.

డేల్ ఎవరో.
ఈ బంపరు నలిగింది కార్డు కొనడానికి పోతూనా,
కొన్నాకనా?
"చెత్త, పారెయ్యండక్కా" అన్నాడు జుంబెర్.
మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను.
దీన్ని కొననా అని ఒక్క క్షణం అనిపించింది,
ఆ చీటీ కోసం.
చీటీ కోసం ఎవరైనా కారు కొంటారా!
నీలందానికే డబ్బు కట్టాం.

తిరిగొస్తుంటే కనుమలో పొగమంచు.
మురమాన్ మూతి ముడిచి కూర్చున్నాడు.
నీలంది మూలిగింది,
గేరు మార్చినప్పుడల్లా గొణిగింది,
ఎక్కింది.

ఆదివారం మామగారి పళ్ళేన్ని
మూడు వేళ్ళు తగ్గించాల్సి వచ్చింది.
రంపం మురమానే పట్టాడు.
ముక్కను పొయ్యిలో వెయ్యనివ్వలేదు,
తలుపు ఎగిరిపోకుండా అడ్డం పెట్టాడు.
రొట్టెలు ఇప్పుడు పద్దెనిమిదే.
రెండు చక్కర్లు ఎక్కువ కొట్టే రోజులున్నాయి,
ఆ రోజుల్లో నన్ను నేను తిట్టుకోవడమూ ఉంది.

చీటీ స్టీరింగు పక్కన అంటించాను.
కింద చోటు ఉంటే నా రాతలో చేర్చాను:
పిండి. ఉప్పు. త్సిరాకి బూట్లు.
ఎతేరి గోడకు సున్నం.