నాలుగు కలుపు

కంప్యూటర్ ఒక్కటే. తెరవగానే రెండు పేర్లు.
పైన నా లినక్స్, కింద నుగ్జార్ తాత విండోస్.
పది లెక్కపెట్టేలోగా ఎంచుకోవాలి.

రాత్రి నేను వాడి కట్టేస్తే
పొద్దున తొమ్మిదింటికి తాతకి ఐదే అవుతుంది.
గొణుక్కుంటూ గడియారం ముందుకు జరుపుతాడు.
ఆ రాత్రి తొమ్మిదింటికి, నా తెర మీద
ఇంకా రాని ఒంటిగంట.

ఈ ఖషూరి జంక్షన్‌లో ముప్పయ్యొక్క ఏళ్లు
రైళ్లకు దారి ఇచ్చిన మనిషి.
నాలుగు గంటలంటే
బోర్జోమి బండి వెళ్లి, నీళ్లు పట్టుకుని,
మళ్లీ వచ్చేంత.

సరిచేయడం ఒక్క వరుస పని. నాకు తెలుసు.
టైప్ చేయబోతుంటే
చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండరా. అప్పట్లో ప్లాట్‌ఫాం గడియారం మాస్కోది,
గేటు దాటితే మా ఊరిది.
గంట తేడా.
అయినా మీ నానమ్మ రొట్టె
ఒక్కరోజూ చల్లారనివ్వలేదు నేను."

ఇప్పుడు తెర అంచున పసుపు కాగితం,
డ్యూటీ పుస్తకంలో రాసినట్టే
నిలువుగా, ఒత్తి:

లాషా బయల్దేరాక
నాలుగు కలుపు.