పేరు అడిగింది

హామర్‌ఫెస్ట్‌లో నవంబరు ఆఖరు.
సూర్యుడు సెలవు పెట్టి వారం.
కిటికీ నలుపు, టెర్మినల్ నలుపు,
మధ్యలో మినుకుమినుకుమంటూ ఒక గీత.

టోర్గున్ మంచు తోసే లారీ నడుపుతుంది.
ఏ వీధి తెరుచుకుందో ఊరికి చెప్పే
చిన్న యాప్ కావాలి ఆమెకి, అంతే.
ఒంటి వేలితో ఒక ఆదేశం కొట్టింది.
ఆలూ లేదు చూలూ లేదు,
"ప్రాజెక్టు పేరేంటి?" అంది యంత్రం.

పడవలకు పెట్టింది పేర్లు. పిల్లికీ పెట్టింది.
దీనికి?
చల్లారిన కాఫీ రెండు గుక్కలు.
చివరికి లారీ నంబరే కొట్టింది, పదిహేడు.
పేరు అంకెతో మొదలవకూడదట! ఎర్రటి అక్షరాలు.
"నా లారీ మొదలవుతుందిగా" అని గొణిగి
ముందొక అక్షరం తగిలించింది.

జలజలా రాలాయి వరుసలు,
తను పెట్టని ఫోల్డర్లు, అడగని ఫైళ్లు,
అద్దెకు దిగకముందే ఎవరో సామాన్లు సర్దిన ఇల్లు.
బ్రౌజర్ తెరిస్తే
తెల్లటి పేజీ. పైమూల ఒక పలకరింపు.
ఈ గదిలో తప్ప లోకంలో ఎవరికీ కనపడదు.

రోజంతా తెలుపుని పక్కకు తోసే మనిషి
దీన్ని మాత్రం ముట్టుకోలేదు.

నాలుగింటికి ఫోను: కొండదారి మూసుకుపోయింది.
తొడుగులు వేసుకుని వెళ్లింది.
సర్వర్ ఆపడం మరిచిందో,
ఆపబుద్ధి కాలేదో.