ఇతరములు

మూడు రోజులకి పన్నెండొందలు, మధ్యాహ్నం భోజనం పొట్లం.
కాశీబుగ్గ రైలుగేటు పక్కన
చెప్పులకొట్టు అరుగు మీద కూర్చుని
బళ్లు లెక్కపెట్టేను.
నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం.
కాగితం నిండా
కట్ట కట్టిన పుల్లలు.

రెండుచక్రాలకో గడి, ఆటోకో గడి,
కారు, బస్సు, లారీ.
చివర్న వేలెడు వెడల్పైనా లేకుండా
"ఇతరములు".
జీడిపిక్కల బస్తాల తోపుడుబండిని
ఆ సన్నటి గడిలోకే ఎక్కించేను.
పాలబిందెల సైకిలుని,
ఎవరిదో తెలీని ఓ ఎద్దుని,
డప్పుల వెనక వచ్చిన శవాన్ని కూడా.
మోసేవాళ్లు నలుగురు, నాలుగు నిలువు గీతలు,
మీద పడుకున్నాయన అడ్డగీత.
తరవాత సిగ్గేసి, కొట్టేసి,
ఒకటి అని రాసేను.

గేటు పడ్డప్పుడు సూపర్‌వైజరు వచ్చి
నా పెన్ను పట్టుకున్నాడు.
"ఆగిపోయిన బండి ట్రాఫిక్ కాదమ్మా.
కదిల్తేనే లెక్క."
బరంపురం వైపు గూడ్సు పోతోంది.
పెన్ను మూసి పెట్టెలు లెక్కపెట్టేను,
యాభై ఎనిమిది.
అలవాటైపోయింది.
గేటవతల ఆగినవాళ్లలో అమ్మ ఉంది.
పిక్కనూనెకి నల్లబడ్డ వేళ్లు ముఖానికి తగలకుండా
మోచేత్తో చెమట తుడుచుకుంటోంది.
నన్ను చూసి కూడా పలకరించలేదు,
ఉద్యోగంలో ఉన్నానని.

మునిసిపల్ ఆఫీసు మేడ మీద మీటింగు.
పదకొండో అంశం:
నాలుగంతస్తుల దుకాణం, కదిలే మెట్లు,
ట్రాఫిక్ నివేదిక జతపరచడమైనది.
నేను తలుపు దగ్గర, టీ కుర్రాడి పక్కన.
నా గీతలు అంకెలై, అంకెలు శాతాలై
గోడ మీద రంగురంగుల ముక్కలుగా వెలిగేయి.
ఇతరములు లేదు.
ఎద్దు ఎటు పోయిందో.

ముందు లేచినాయన బెవర దాలినాయుడు.
"ఊరు పెరగాలా వద్దా?
పెళ్లి సీరకి కూడా బరంపురం ఎల్తన్నాం!
రెండొందల మంది గుంటలకి పనొస్తాది."
బల్లలు చరిచేరు.
నేనూ చప్పట్లు కొట్టేను.
బిల్లింగు కౌంటరుకి నా దరఖాస్తు
ఆ కంపెనీ ఫైల్లోనే ఎక్కడో ఉంది.

అప్పుడు పద్నాలుగో వార్డు, దుంగ ఎర్నమ్మ.
మైకు ఎక్కడ నొక్కాలో తెలీక
మైకు లేకుండానే అడిగింది:
"కమిషనరు బాబూ, గేటేసినప్పుడు ఎన్ని బళ్లో సెప్పండి.
నా కోడలు నొప్పుల్తోటి ఆటోలో
ఇరవై నిమిషాలుండిపోనాది.
ఆ ఆటోని ఏ గడిలో ఎట్టినారు?"

కమిషనరు ఇంజనీరు వైపు చూసేడు.
ఇంజనీరు సూపర్‌వైజరు వైపు.
సూపర్‌వైజరు నా వైపు.
నా వెనక గోడ.
నోరు తెరిచేను.
సరిగ్గా అప్పుడే టీ కుర్రాడు గ్లాసు అందించేడు.
తీసుకున్నాను.
వేడిగా ఉంది, చాలాసేపు ఊదుకున్నాను.

షరతులతో ఆమోదం.
అరవై కార్లకి సెల్లారు, ఓ హోంగార్డు.
సరుకు లారీలు పగలు రాకూడదు,
రాత్రి పదకొండు నుంచి తెల్లారి ఐదు దాకానే.
ఆ వేళల్లో ప్రజలకు ఇబ్బంది ఉండదని
మినిట్స్‌లో రాసుకున్నారు.

మెట్లు దిగుతూ ఎర్నమ్మ ఆగింది.
"నువ్వు జానకమ్మ గుంటవి కదే?
సదువుకున్నావు, బాగుంది" అని
భుజం తట్టి వెళ్లిపోయింది.
అక్కసుతో అన్లేదు. నిజంగానే అంది.
ఆ రాత్రి అన్నం సయించలేదు.

పునాదులు తవ్వుతున్నారు.
గేటు పక్క మట్టి లారీల వెనక చక్రాలకి
ఇంకా తడారలేదు.
నాలుగింటికి అమ్మ లేచి, దీపం వెయ్యకుండా
చెప్పులు వెతుక్కుంటుంది, బాయిలరు షిఫ్టుకి.
టార్చి వెలుగు సందు మలుపు దాకా కనబడుతుంది.
ఆ తరవాత రోడ్డే.
పక్క మీద లేచి కూర్చుని
నేను లెక్కపెడతాను.

ఒకటి.