పదిహేడో అధ్యాయం

గ్రాజ్ పట్నంలో మూర్ నది ఒడ్డున
పదహారు వారాలుగా నిన్ను పేరుస్తున్నాను, ఓడీలియా,
ఒక్కొక్క సీసపు అక్షరం, తలకిందులుగా, తిరగేసి.
అద్దంలో కనపడవట నువ్వు.
నవ్వొచ్చింది నాకు.
అద్దం రాతలోనే కదా
నేను రోజుకు పదకొండు గంటలు బతికేది,
మొదటి రోజే కనపడ్డావు.

నిన్ను రాసేవాడు గుర్రపుదళంలో పనిచేసిన డాక్టరు.
అతని కాగితాల మీద నశ్యం రాలి ఉంటుంది.
నీ పెదవులకు మూడు విశేషణాలు,
మెడకు నాలుగు.
నెత్తురు అన్న మాట ఎన్నిసార్లు రాశాడంటే
వాళ్ళ భాషలో దాని మొదటి అక్షరం అరల్లో అయిపోయి
పక్క ప్రెస్సులో అప్పు తెచ్చుకున్నాం.

ఆ కోటలో ఆకలైనట్టు తినేది నువ్వొక్కదానివే.
కల్నల్ కూతురు సూపులో చెంచా తిప్పుతూ ఉంటుంది,
వాళ్ళ పిన్నికి ఎప్పుడూ ఉపవాసమే.
అయినా పిలవని పేరంటానికి వెళ్ళవు నువ్వు.
గడప బయటే నిలబడి "రావచ్చా" అంటావు.
కాగితాల గదిలోకి వచ్చేటప్పుడు
మా ఫోర్‌మన్ ఒథ్మార్ అడగడు.

దగ్గితే నా రుమాలు ఎరుపెక్కుతోంది.
సీసం ధూళి, పాలు తాగమన్నారు.
పాలు ఎంతో వాళ్ళు చెప్పలేదు, నా కూలీ ఎంతో నేను చెప్పలేదు.
నెత్తురుచుక్క లేని నా మొహం చూసి
మడతల బల్ల దగ్గరి పిల్లలు
నెజ్కా అనడం మానేసి నన్ను నీ పేరుతో పిలుస్తున్నారు.
పలుకుతున్నాను.

మంగళవారం పదిహేడో అధ్యాయం వచ్చింది.
నలుగురు మగవాళ్ళు, ఒక పాదిరీ,
కొయ్యమేకు, సుత్తి, రెండు లాంతర్లు.
చచ్చినదాన్ని చంపడానికి ఇంతమందా!
నువ్వు అరిచావని రాశాడు.
ఏమని అరిచావో రాయలేదు.
నీ నోట్లో అన్ని పళ్ళు పెట్టినవాడు
"రావచ్చా" తప్ప ఇంకో మాట పెట్టలేదు.

వాక్యం మార్చే ధైర్యం నాకు లేదు.
ఒక్క పంక్తి తప్పితే అరపూట కూలీ కోత.
'అరిచింది' తర్వాత, చుక్కకు ముందు
అచ్చుపడని సీసపు ముక్కలు దూర్చాను,
రెండు మాటలు పట్టేంత.
ప్రూఫులు చూసే ముసలి కాంచిచ్
సందు ఎక్కువైందని ఎర్రగీత గీశాడు.
దిద్దానన్నాను.

శనివారం గుర్రపు ట్రామ్‌లో
ఎవరింటి పనిమనిషో, ఒళ్ళో క్యాబేజీల బుట్ట,
పెదవులు కదుపుతూ అదే పేజీ చదువుతోంది.
ఆ ఖాళీ దగ్గరికి వచ్చింది.
ఆగింది.
పెదవులు మాత్రం
ఇంకా కదులుతూనే ఉన్నాయి.